నవ్వమన్న మధ్యాహ్నం

నడిచినవాళ్ళకి చప్పట్లు కొట్టడం ఆ గదిలో ఆనవాయితీ. గోడవార కుర్చీలోంచి లేచి, రెండు ఇనప కడ్డీల మధ్య నడిచి, ఎదుటి కిటికీని ముట్టుకుని తిరిగొస్తే చాలు. కూర్చున్న రోగులూ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళూ, నేల తుడిచే ఆవిడా చేతిలో పని ఆపి మరీ చప్పట్లు కొడతారు. మంచి అలవాటే, కాదనలేం. కాకపోతే చప్పట్లకి ఒక చెడ్డగుణం ఉంది. ఒకరికి కొట్టినప్పుడల్లా ఇంకొకరికి కొట్టలేదన్న సంగతి గదంతా వినిపిస్తుంది.

ఆ ఉదయం చప్పట్లు డ్రైవర్‌కి దక్కాయి. జీవితమంతా లారీ తోలిన మనిషి. పక్షవాతం వచ్చి మాస్టర్ ఆస్పత్రిలో చేరిన వారంలోనే చేరాడు, పక్క మంచంలోనే పడుకున్నాడు. ఇప్పుడు కడ్డీ కూడా పట్టుకోకుండా కిటికీ దాకా వెళ్ళి, అద్దం మీద వేలితో టకటక కొట్టి, "రివర్స్ గేరు కూడా పడుతోందండోయ్" అంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. అందరూ నవ్వారు. మాస్టర్ కూడా నవ్వాడు, సగం మూతితో.

తర్వాతి వంతు మాస్టర్‌ది. వాళ్ళ వీధిలో మాస్టర్ అంటే బడిపంతులు కాదు, ఈయనే. బట్టలు కత్తిరించే కటింగ్ మాస్టర్. ఇంటి ముందుగదిలోనే దుకాణం. చొక్కా గుండీలకి భార్య తీసినంత నున్నగా కాజాలు ఎవరూ తీయలేరని ఎప్పుడో ఒక ఖాతాదారు ఆమెని కాజాలక్క అన్నాడు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, ఆస్పత్రిలో అసలు పేరుతో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి ఎవరినా అని చూసింది.

మాస్టర్ లేచాడు. కుడిచెయ్యి కడ్డీ మీద పెట్టాడు గానీ అది పట్టుకోలేదు, ఆనుకుంది అంతే. కుడికాలు నేలని రాసుకుంటూ వెనకాల వచ్చింది. సగం దూరం వెళ్ళేసరికి ఆగిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. పై పెదవి మీద చెమట పట్టింది. నోరు కొంచెం తెరిచి, ఎవరో చెప్పేది వింటున్నవాడిలా తల ఒక పక్కకి వంచి అలాగే నిలబడ్డాడు. తర్వాత చేత్తో కుర్చీ కావాలని సైగ చేశాడు.

"సగం దూరమే కదండీ మిగిలింది," అన్నాడు వ్యాయామం చేయించే పెద్దాయన. ఆయన చెడ్డవాడేం కాదు, రోజూ ఇలాంటివాళ్ళని చూసి చూసి మాటలు అరిగిపోయినవాడు. "మందులు చేసేది సగమే మాస్టర్ గారూ. మిగతాది పట్టుదల. డ్రైవర్ గారిని చూడండి."

మాస్టర్ డ్రైవర్‌ని చూశాడు. డ్రైవర్ మొహమాటంగా చేతిలోని టోపీ తిప్పుకున్నాడు.

ఇంటికి తీసుకెళ్ళింది కాజాలక్క తమ్ముడు. సామాన్ల బండి నడుపుతాడు. ఆస్పత్రి రోజున బండి ఖాళీ పెట్టుకుని, ముందు సీటులో బావని కూర్చోబెట్టి, వెనకాల అక్కని ఎక్కించుకుంటాడు. ప్రేమ ఉన్నవాడే. కానీ నోటికి తాళం లేదు.

"బావా, ఆయన నీకంటే పెద్దాడు. ఆ పొట్టా అదీ. అలాంటాయన రివర్సులో నడుస్తుంటే నువ్వేమో సగం దారిలో సభ పెట్టావు. తప్పు నీది కాదులే. మా అక్క అన్నీ నోటికందిస్తుంటే ఇంక కాళ్ళకి పనేముంది?"

"కాళ్ళు ఉన్నాయి," అన్నాడు మాస్టర్. పక్షవాతం తర్వాత ఆయన మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. "లోపల... ఊపిరి..."

ఆ వాక్యం పూర్తయ్యే లోపల తమ్ముడు హారన్ కొట్టి ఒక సైకిల్‌వాణ్ణి తిట్టాడు. ఆ తర్వాత వాక్యం గురించి ఎవరూ అడగలేదు.

వెనకాల బండి ఊపుకి ఊగుతూ కూర్చున్న కాజాలక్కకి కోపం వచ్చింది. తమ్ముడి మీద కాదు, మొగుడి మీద. ఎందుకు నడవడు? పెళ్ళయిన నాటి నుంచి నిలబడే పని చేసిన మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల ముందు నుంచి కదలని మనిషి, ఇప్పుడు గది చివరి కిటికీ దాకా వెళ్ళలేడా? వెళ్ళలేడా, వెళ్ళడా? ఆ అనుమానం వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అనుమానం పోలేదు.

*

మధ్యాహ్నం ఆ ముందుగదికి ఒక మత్తు ఉంటుంది. వీధి వైపు తెర సగం వేస్తారు. ఆ తెర పసుపుది, ఎండకి వెలిసి తేనెరంగుకి తిరిగింది. అందులోంచి వచ్చే వెలుతురు దండెం మీద వేలాడే సగం కుట్టిన చొక్కాల మీద పడుతుంది. చేతుల్లేని చొక్కాలు, కాలర్లేని చొక్కాలు. గాలి వచ్చినప్పుడు అవన్నీ ఒకేసారి కొంచెం తిరుగుతాయి, గదిలోకి ఎవరొచ్చారా అని చూసినట్టు. కాజాలక్క మిషను దగ్గర కూర్చుని తొక్కుతూ తొక్కుతూ కళ్ళు మూతలు పడి, పాదం ఆడుతుండగానే నిద్రలోకి జారిపోయి, మళ్ళీ తేలేది. ఆస్పత్రి రోజుల నిద్ర ఇంకా ఆమెకి బాకీ ఉంది.

మాస్టర్ పగలంతా అలాంటి నిద్రలోనే ఉండేవాడు. మంచం కూడా ముందుగదిలోకే తెప్పించుకున్నాడు, బల్ల కనపడాలని. లేచినప్పుడల్లా ఒక కల చెప్పేవాడు.

"ఒకాయన వచ్చాడు. కోటు కుట్టమని. కొలత తీస్తున్నా. టేపు అలా లాగుతూనే ఉన్నా. భుజం అయిపోవడం లేదు."

"మరేం చేశారు?"

"ఆయనే అన్నాడు. పోనీలెండి, ఎక్కడో ఒకచోట ముడెయ్యండి అని."

"ముడేసిన కోటు వేసుకుంటాడా?"

"వేసుకుంటాట్ట. పాపం, మంచాడు," అని మాస్టర్ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు, ఆ మంచాయన్ని ఇంకొంచెంసేపు చూడాలన్నట్టు.

ఆస్పత్రికి వెళ్ళొచ్చిన మర్నాడు, అలాంటి మధ్యాహ్నమే, కాజాలక్క మిషను మీద తల వాల్చి కునుకు తీసి లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. మాస్టర్ బల్ల దగ్గర ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నాడు. అక్కడి దాకా నాలుగడుగులే అయినా ఎవరూ పట్టుకోకుండా ఎలా వెళ్ళాడో ఆయనకే తెలియాలి. ముందర బ్యాంకు ఉద్యోగి తెల్లచొక్కా ఉంది. ఎడంచేత్తో సూది పట్టుకున్నాడు. కుడిచెయ్యి బట్ట అడుగున పెట్టి, దాని మీద అంచు మడిచి, కచ్చా కుట్టు వేస్తున్నాడు. ఎడంచేతికి అలవాటు లేదు. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కానీ ఆయన ముఖం చూసి ఆమె పిలవబోయి ఆగింది. ఇన్నాళ్ళ తర్వాత ఆ ముఖంలో మనిషి ఉన్నాడు.

అప్పుడు తెల్లబట్ట మీద ఎర్రచుక్క కనిపించింది. చూస్తుండగానే అది గుండీ అంతైంది, తర్వాత రూపాయి బిళ్ళంత అయింది.

"ఏమండీ, వేలు."

మాస్టర్ బట్ట ఎత్తి చూశాడు. అడుగున కుడిచేతి చూపుడువేలికి మూడు చోట్ల సూది దిగి ఉంది. ఆ వేలికి స్పర్శ లేదు. పొడుస్తున్నట్టు దానికీ తెలియదు, ఆయనకీ తెలియదు.

సూది గుచ్చుకోవడం ఆ ఇంట్లో వార్త కాదు. వేలు నోట్లో పెట్టుకుని ఇంకో చేత్తో పని సాగిస్తారు. నెత్తుటి మరకకి ఆ నెత్తురుగలవాడి ఉమ్మే మందని కుట్టేవాళ్ళందరికీ తెలుసు. మాస్టర్ తెల్లదారం ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఉండచేసి, మరక మీద అద్దాడు. మరక పోయింది. వేలు మాత్రం ఆగలేదు. నోట్లో పెట్టుకున్నా, పాతగుడ్డ చుట్టినా, గుడ్డ తడిసి మళ్ళీ చుక్క వేలాడింది. చాలాసేపటికి గాని ఆగలేదు. అంతసేపూ మాస్టర్ ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

కాజాలక్క సూది తీసి దాచింది. సాయంత్రం అయ్యేసరికి మాస్టర్ అన్నం సగంలో వదిలేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు కల కూడా చెప్పలేదు. ఏం కావాలంటే ఏమీ వద్దన్నాడు. ఆమెకి దీపం ఆర్పేసిన గదిలా అనిపించింది.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మందుల గురించి పది సంగతులు ఒక్క ఊపిరిలో చెప్పారు. అందులో ఆమెకి మిగిలిందల్లా ఒకటే. పొద్దునా సాయంత్రమూ వేసే ఆ చిన్న గులాబీరంగు మాత్ర రక్తాన్ని పలచన చేస్తుంది, ఎక్కడైనా రక్తం కారితే చూసుకోవాలి. చూసుకుంది. కారింది. రక్తం పలచనైతే సూది పట్టుకోలేడు, సూది పట్టుకోకపోతే ఈయన గోడ వైపు తిరిగి పడుకుని అలాగే పోతాడు. ఆ లెక్క ఆమెకి తిరుగులేనిదిగా కనిపించింది. మిగతా మాత్రలన్నీ చేతిలో పోసి, గులాబీ మాత్ర ఒక్కటి వెనక్కి తీసింది. మందు చెత్తలో పారేయడానికి చెయ్యి రాలేదు. మిషను పక్కన గుండీల డబ్బా ఉంది. అందులో వేసి మూత పెట్టింది.

తర్వాత సూది తీసి బల్ల మీద పెట్టింది.

*

ఆ వారం బాగా గడిచింది. అదే ఆమెని మోసం చేసింది. వేళ్ళకి సూదులు దిగుతూనే ఉన్నాయి గానీ నెత్తురు చుక్కతోనే ఆగేది. మాస్టర్ పొద్దున్నే తనంతట తాను పీట ఎక్కేవాడు. చేతులకి వ్యాయామమని ఆస్పత్రిలో ఇచ్చిన రబ్బరు బంతిని పిల్లి ఆడుకోవడానికి వదిలేసి, గుండీల డబ్బా ముందేసుకుని నాలుగు రంధ్రాలవి ఒక పక్కకీ రెండు రంధ్రాలవి ఒక పక్కకీ కుడిచేత్తో జరిపేవాడు. మొదటిసారి ఆయన డబ్బా మూత తీసినప్పుడు ఆమె మిషను తొక్కడం ఆపి చూసింది. కానీ ఆయన ఏమీ అనలేదు. గులాబీరంగు గుండీలు కూడా డబ్బాలో బోలెడున్నాయి, ఆయన చూపు మందగించింది, గమనించి ఉండడని సర్దిచెప్పుకుంది. ఆ రాత్రే డబ్బాలోని మాత్రల్ని ఏరి, మర్నాటి నుంచి తీసినవాటితో పాటు బియ్యం డబ్బా వెనక దాచింది.

కలలు కూడా తిరిగొచ్చాయి.

"నిన్న అందరూ వచ్చారు. మన పాత ఖాతాదార్లు. చనిపోయినవాళ్ళు కూడా. బట్టలు పట్టుకెళ్ళడానికి."

"ఇచ్చారా?"

"ఒక్కటీ కుట్టలేదుగా. రేపు రమ్మన్నా."

"చచ్చినవాళ్ళకి కూడా రేపు రా అంటున్నారు. టైలర్ అనిపించుకున్నారు," అంది కాజాలక్క. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ ఆమె అనుకుంది, నేను చేసింది మంచి పనే.

మళ్ళీ ఆస్పత్రి రోజు వచ్చింది. చప్పట్ల గదికి వెళ్ళే ముందు ఒక సిస్టర్ బీపీ, నాడి చూస్తుంది. పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. మాస్టర్ మణికట్టు పట్టుకుని గోడగడియారం చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"కడ్డీల మధ్య ఎందాకా నడుస్తున్నారు?"

"సగం," అంది కాజాలక్క, తన తప్పు ఒప్పుకుంటున్నట్టు. "పట్టుదల లేదండీ ఈయనకి. డ్రైవర్ గారేమో..."

"డ్రైవర్ గారి సంగతి వేరమ్మా. ఎవరన్నారు పట్టుదల లేదని?" సిస్టర్ ఆమె చెయ్యి లాగి, రెండు వేళ్ళు మాస్టర్ మణికట్టు మీద పెట్టింది. "ఇక్కడ. ఒత్తకండి. ఊరికే ఉంచండి."

కాజాలక్క వేళ్ళ కింద ఏదో తట్టింది. వెంటనే ఇంకోటి. తర్వాత ఏమీ లేదు. ఆమె ఎదురుచూసింది. రాలేదు. ఇంక రాదేమో అనుకునేసరికి ఒకటి గట్టిగా, దాని వెనకే మూడు చిన్నవి గబగబా, మళ్ళీ ఖాళీ. మిషను కొత్తగా నేర్చుకునేవాళ్ళ పాదం ఇలాగే పడుతుంది. తొక్కుతారు, ఆగుతారు, కంగారుపడి మళ్ళీ తొక్కుతారు. దారం తెగేది అప్పుడే.

"ఎప్పటి నుంచి ఇలా?"

"ఎప్పటి నుంచో. పక్షవాతం రాక ముందు నుంచే. గుండె పైగదులు ముడుచుకోవాల్సిన చోట ఊరికే వణుకుతున్నాయి. అక్కడ రక్తం నిలిచిపోయి గడ్డ కట్టింది. ఆ గడ్డే మెదడుకి వెళ్ళింది. గుండె నుంచి వచ్చే గడ్డలు పెద్దవి, దెబ్బ కూడా పెద్దదే. డ్రైవర్ గారికి మూసుకుపోయింది మెదడులో సన్న రక్తనాళం. ఆయన గుండె తిన్నగా కొట్టుకుంటోంది. ఇద్దరికీ పక్షవాతమే, కానీ ఒకటి కాదు. ఇలాంటి గుండె ఉన్నవాళ్ళు తొందరగా అలిసిపోతారు, కోలుకోవడం కూడా మెల్లగానే. సగం దూరం నడిచారంటే ఈయన గుండెతో అది చిన్న నడక కాదు."

మాస్టర్ తల దించుకుని మణికట్టు చూసుకున్నాడు. కాజాలక్క వంక చూడలేదు. బండిలో ఆయన పూర్తిచేయని వాక్యం ఇదేనని ఆమెకి అప్పుడు అర్థమైంది.

"భయం దీనికి కాదు," అంది సిస్టర్. "మళ్ళీ గడ్డ కట్టకూడదు. ఇలాంటివాళ్ళకి మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ. రెండోసారి వస్తే మనిషి దక్కడం కష్టం. ఆ గులాబీ మాత్రే అడ్డు. రెండు పూటలా తప్పకుండా వేస్తున్నారుగా?"

"వేస్తున్నానండీ," అంది కాజాలక్క.

అబద్ధం దానంతటదే వచ్చేసింది. నోట్లోంచి ఊడిపడ్డాక దాన్ని మళ్ళీ ఏరుకోవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. వెనకాల వరసలో ఇంకా ఎంతోమంది ఉన్నారు. సిస్టర్ తర్వాతి మనిషిని పిలిచింది.

చప్పట్ల గదిలో మాస్టర్ ఆ రోజూ సగం దూరమే నడిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాజాలక్క ఒక్కతీ కొట్టాలని రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది గానీ, ఆ చేతులతో కొట్టే హక్కు తనకి లేదనిపించి ఒళ్ళో పెట్టేసుకుంది.

*

ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. తమ్ముడు వాళ్ళని దింపి కిరాయికి వెళ్ళాడు. మాస్టర్ రెండు ముద్దలు తిని మంచం మీద ఒరిగాడు. కాజాలక్క మాత్ర ఇప్పుడే వేద్దామా, సాయంత్రం దాకా ఆగుదామా, ఇన్నాళ్ళు ఆపి ఒక్కసారి వేస్తే ఏమవుతుందో, ఎవరినడగాలో, అడిగితే అబద్ధం బయటపడుతుందే అనుకుంటూ మిషను ముందు కూర్చుంది. తొక్కలేదు. దండెం మీది చొక్కాలు కదిలాయి. తెరలోంచి తేనెరంగు వెలుతురు నేల మీద పాకుతోంది. వేళ్ళ చివర ఇంకా ఆ తట్టు ఉంది. ఒకటి, వెంటనే ఇంకోటి, ఖాళీ. ఆ ఖాళీలో ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ ఆమె నిద్రలోకి వెళ్ళిపోయింది.

కలో మెలకువో తెలియలేదు. గదినిండా కొలతలకొచ్చిన మనుషులు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ మంచం వైపు చూస్తున్నారు. మధ్యలోంచి దారి చేసుకుని వెళ్దామంటే కాళ్ళు సాగడం లేదు. "జరగండి, రేపు రండి, ఇవాళ దుకాణం లేదు" అని చెప్పాలనుకుంది. మాట రాలేదు.

కళ్ళు తెరిచింది. చొక్కాలు. తెర. మంచం మీద మాస్టర్. ఆయన తల పక్కకి వాలిపోయింది. నోరు ఒక వైపుకి జారి తెరుచుకుని ఉంది. ఛాతీ కదలడం కనపడలేదు.

ఎలా లేచిందో, పీటకి మోకాలు తగిలి ఎలా దూసుకొచ్చిందో ఆమెకి తెలీదు. రెండు భుజాలూ పట్టి కుదిపేసింది.

"ఏమండీ. ఏమండీ. నవ్వండి."

మాస్టర్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "ఏంటే?"

"నవ్వండి ముందు." మూతి వంకరపోతే, చెయ్యి పడిపోతే, మాట తడబడితే వెంటనే రావాలని ఆస్పత్రిలో చెప్పి పంపారు. ఆ మూడూ ఆమెకి కంఠతా వచ్చు. "నవ్వమన్నానా."

"ఎందుకు నవ్వాలి? ఏం జరిగిందని?"

"ఏమీ జరగలేదు. నవ్వండి. చేతులెత్తండి. రెండూ."

"పోలీసులొచ్చారా?" అన్నాడు మాస్టర్. ఎడంచెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి రోజూ లేచేంతే లేచింది. తర్వాత, పెళ్ళాం ముఖం చూసి, ఆమె అడిగింది చేయకపోతే ఏడ్చేస్తుందని భయపడి, నవ్వాడు. రోజూ నవ్వే సగం నవ్వే. పాతదే. కొత్తగా ఏమీ వంకర లేదు.

కాజాలక్క మంచం పట్టెమీద కూలబడింది. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"నేను మాత్ర ఆపేశానండీ. ఆ గులాబీది. రక్తం ఆగడం లేదని, సూది పట్టుకోలేరని. ఆస్పత్రిలో వేస్తున్నానని చెప్పాను. అబద్ధం చెప్పాను."

మాస్టర్ ఎడంచేత్తో దుప్పటి అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. మాట వెతుక్కుంటున్నాడేమో అనుకుంది. కాదు, మాట దొరికిందే, బయటికి తీయడానికి మొహమాటపడుతున్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"డబ్బాలో... చూశా. రంధ్రాల్లేని గుండీ ఏమిటా అని." ఊపిరి తీసుకున్నాడు. "మర్నాడు లేవు. తీసేశావనుకున్నా. చేతిలో మాత్రలు లెక్క తగ్గాయి. రోజూ చూస్తున్నా."

"చూసి ఊరుకున్నారా?"

"సూది ఇచ్చావుగా."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు. కాజాలక్క ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఇంతసేపూ తానొక్కతే చేసిన పాపం అనుకుని ఆయన ముందు పోసింది. తీరా చూస్తే అందులో సగం ఆయనది. ఆయన ప్రాణం పెట్టి బేరం ఆడాడు, ఆమెకి చెప్పకుండా, ఆమెతోనే.

"మళ్ళీ వస్తే ఏమవుతుందో తెలుసా మీకు? ఇవాళ సిస్టర్ చెప్పింది విన్నారుగా."

"పోతాను."

"నేనేమవుతాను?"

ఆ వైపు ఆలోచించనే లేదని ఆయన ముఖంలో స్పష్టంగా కనిపించింది. మగవాళ్ళు చావు గురించి ఆలోచిస్తే తమ చావు గురించే ఆలోచిస్తారు, వెనకాల మిగిలే ఇల్లు వాళ్ళ కొలతల్లోకి రాదు. ఆమెకి ఒళ్ళు మండింది. కొట్టాలనిపించింది. కొట్టకుండా ఆయన చొక్కా కాలరు సరిచేసి, పై గుండీ పెట్టింది.

"లేవండి. ఆస్పత్రికి వెళ్దాం."

"పొద్దున్నేగా వెళ్ళొచ్చాం."

"పొద్దున వెళ్ళింది అబద్ధం చెప్పడానికి. పదండి."

తమ్ముడికి ఫోన్ చేస్తే కిరాయి మధ్యలో వదిలి వచ్చాడు. దారిలో అక్క విషయమంతా చెప్పింది. నోటికి తాళం లేనివాడు ఆస్పత్రి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. గతుకుల దగ్గర మాత్రం, ముందెన్నడూ లేనిది, బ్రేకు వేసి మెల్లగా దించాడు.

*

సిస్టర్ డ్యూటీ దిగిపోయే వేళకి అందుకున్నారు. కాజాలక్క వరసలో ఎవరున్నారో చూడలేదు. ముందుకెళ్ళి నిలబడి, "పొద్దున నేను మీకు అబద్ధం చెప్పానండీ," అంది. మిగతాది మాస్టర్ పూర్తిచేశాడు, ఒక్కొక్క మాటగా. ఈసారి ఎవరూ మధ్యలో అందుకోలేదు.

సిస్టర్ ముఖం గట్టిపడింది. లోపలికెళ్ళి డాక్టర్‌తో మాట్లాడి వచ్చింది. డాక్టర్ వచ్చి మాస్టర్‌ని నవ్వమన్నాడు, చేతులెత్తమన్నాడు. మాస్టర్ పెళ్ళాం వైపు ఓరగా చూసి, అలవాటైన పనిలా రెండూ చేశాడు. కళ్ళలోకి లైటు వేసి చూశారు. కొత్తగా ఏమీ లేదన్నారు. అదృష్టం అన్నారు. అక్కడికక్కడే గులాబీ మాత్ర, గ్లాసుడు నీళ్ళు ఇచ్చారు. ఇక ఒక్క పూట కూడా ఆపొద్దని డాక్టర్ వేలు చూపించి చెప్పాడు.

మాస్టర్ మాత్ర అరచేతిలో పెట్టుకుని చూశాడు. మింగలేదు.

"సూది?" అన్నాడు.

"సూదికేం?" అంది సిస్టర్.

"పట్టుకోకూడదుగా."

"ఎవరన్నారు? గుచ్చుకుంటే గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి, కాసేపు వదలకండి. నోట్లో పెట్టుకుంటే, ఊరికే చుట్టేస్తే ఎలా ఆగుతుంది? మామూలుకంటే కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. ఆగకపోయినా, తల గుద్దుకున్నా, నల్లగా విరేచనమైనా అప్పుడు పరిగెత్తుకు రండి. స్పర్శ లేని వేలికి ఏదైనా తొడుక్కోండి. సూది పొడిచిన చుక్క కోసం ఎవరైనా ఈ మాత్ర ఆపుతారా?"

మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అడిగితే సరిపోయే మాట. అడక్కుండా ఆమె ఒక లెక్క వేసింది, ఆయన ఒక లెక్క వేశాడు, ఇద్దరూ కలిసి ఒక ప్రాణాన్ని బల్ల అంచున పెట్టి కూర్చున్నారు. మాస్టర్ మాత్ర మింగాడు. నీళ్ళు సగం గడ్డం మీద కారాయి. కాజాలక్క కొంగుతో తుడిచింది.

"చెయ్యి మళ్ళీ వస్తుందా?" అని తమ్ముడు అడిగాడు. బావ తరఫున అతను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"కొంత రావచ్చు. ఎంతో చెప్పలేను. ఎప్పటికో కూడా చెప్పలేను," అంది సిస్టర్. "తొందరపెట్టకండి. ఈ గుండె వేగం దానిదే."

మర్నాడు పొద్దున తమ్ముడు పిలవకుండానే వచ్చాడు. చేతిలో లేత నీలం గుడ్డ ఉంది. బల్ల మీద పెట్టి, "బావా, నాకో చొక్కా కావాలి," అన్నాడు.

"కొలత?" అన్నాడు మాస్టర్.

"నా కొలత నీకు తెలీదా? లావైతే అయ్యాలే, రెండు వేళ్ళు వదులు పెట్టు."

మాస్టర్ పీట ఎక్కాడు. కాజాలక్క గుడ్డ మడత వేసి, ఇస్త్రీ చేసి, ఆయన ముందు పరిచింది. గులాబీ మాత్ర పొద్దున్నే ఇద్దరూ చూస్తుండగా లోపలికి పోయింది. ఆయన సుద్ద ఎడంచేతిలోకి తీసుకుని, కుడిచెయ్యి గుడ్డ మీద బరువుగా ఆనించి, మెడ దగ్గర చుక్క పెట్టాడు. అక్కణ్ణించి భుజం గీశాడు. చొక్కాకి చెయ్యి అతికే గుండ్రం దగ్గర సుద్ద వణికింది. ఒకప్పుడు కళ్ళు మూసుకుని ఒక్క లాగులో గీసే వంపు అది. ఇప్పుడు మూడుసార్లు ఆగి, మూడు ముక్కలుగా వచ్చింది. గీత పక్కకి వచ్చి కిందకి సగం దాకా దిగింది. ఆయన పై పెదవి మీద చెమట పట్టింది. కళ్ళు మూసుకున్నాడు. తల ఒక పక్కకి వంచి, లోపల ఎవరో చెప్పేది విన్నాడు.

"కాస్త," అన్నాడు.

తమ్ముడే పట్టుకుని మంచం దాకా తీసుకెళ్ళాడు. దిండు సరిచేశాడు. మాస్టర్ నిమిషంలో నిద్రలోకి వెళ్ళిపోయాడు. కాజాలక్క వంగి ఆయన ఊపిరి చూసింది. ఉంది. బల్ల దగ్గరికొచ్చి కత్తెర తీసుకుంది.

గీత ఎక్కడెక్కడ వంకర పోయిందో ఆమె కంటికి తెలుసు. వేలితో దులిపేస్తే సుద్ద పోతుంది, రెండు నిమిషాల్లో తిన్నగా గీయొచ్చు. కత్తెర గీత మీద పెట్టింది. గీత ఎటు పోతే అటే కోసింది. వణికిన చోట వణికిస్తూ, ఆగిన చోట ఆపుతూ, భుజం మీంచి చంకకి, చంక మీంచి పక్కకి. సగం దాకా వచ్చేసరికి గీత అయిపోయింది. ఆమె కత్తెర ఆపి, దాన్ని అక్కడే, గుడ్డ మధ్యలో, బల్ల మీద పడుకోబెట్టింది.

"మిగతాది నువ్వు గీసెయ్యొచ్చుగా అక్కా," అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి.

"నీకు తొందరేమన్నా ఉందా?"

అతను అక్క వైపు చూశాడు. మంచం వైపు చూశాడు. "లేదు," అన్నాడు.

"అయితే కూర్చో. ఆయన లేచాక గీస్తారు," అని, కాజాలక్క తెర సగం వేసి, బ్యాంకు ఉద్యోగి చొక్కా ఒళ్ళో పెట్టుకుని కాజాలు తీయడం మొదలుపెట్టింది.